‘టెన్షన్ పడకండి’ అంటే చాలదు, ఎలాగో మా భాషలో నేర్పండి

ఒడిశా సరిహద్దు జిల్లాల ఆరోగ్యాధికారులకూ, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు చూస్తున్న వైద్యులకూ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, బజారులోనూ కచేరీలోనూ ఒడియాతో నెట్టుకొస్తూ, సొరియాసిస్ అనే దీర్ఘకాలిక చర్మవ్యాధితో కాలం గడుపుతున్న వారి తరఫున ఈ లేఖ రాస్తున్నాను. నేను ఈ సరిహద్దులోని ఒక చిన్న పట్టణంలో 22 ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి విరమించిన ఉపాధ్యాయురాలిని. 17 ఏళ్లుగా నాకు ఈ వ్యాధి ఉంది. నెలకోసారి చర్మవ్యాధుల ఓపీ ముందు ఒకే బల్ల మీద కూర్చుని, అలా పరిచయమైన 11 మందిమి కలిసి ఇదే విషయం మీద ఇదివరకు మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాం.

మొదటి అర్జీ తెలుగులో ఉందని, ఒడియాలో రాయించుకుని రమ్మని తిప్పి పంపారు. దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టం చెప్పుకుంటూ అధికారికి అర్జీ ఇచ్చుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి ఒక్కరికీ ఇచ్చిందని నాకు తెలిసినా, ఆ రోజు వాదన పెట్టుకోలేదు. ఒడియా చక్కగా రాయగల పొరుగింటి కుర్రవాడి చేత రాయించి, ఫిర్యాదుల దినం నాడు వరుసలో నిలబడి ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తెచ్చుకున్నాం. ఆరు నెలలు చూసి మళ్లీ ఇచ్చాం. మరో రసీదు వచ్చింది. జవాబు మాత్రం ఈనాటి వరకూ రాలేదు. అది ఏ కార్యాలయమో, ఏ ఆసుపత్రో ఇక్కడ రాయడం లేదు. ఒకరిని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు, ఈ ఇబ్బంది ఒక్క ఊరిదీ కాదు.

మేము ఖరీదైన ఇంజెక్షన్లు అడగలేదు, కొత్త యంత్రాలూ అడగలేదు. మేము వచ్చిన ప్రతిసారీ మీరు చెప్పి పంపే ఒక మాట ఉంది, “టెన్షన్ పడకండి” అని. ఆ మాటను ఎలా ఆచరించాలో మాకు అర్థమయ్యే భాషలో నేర్పమని అడిగాం. ఓపీ బల్ల మీద నా పక్కన కూర్చునే ఒక పెద్దామె కాశీనగర్ వైపు పల్లె నుంచి వస్తుంది. ఒకరోజు చీటీ చేత్తో పట్టుకుని బయటికి వచ్చి, “ఏటమ్మా టీచరమ్మా, టెన్సను వద్దంతాడు బాబు. అదెలగ మానాలో మాత్రం సెప్పడు. అదేటి, సుట్టా బీడీయా మానీడానికి?” అని నన్ను అడిగింది. ఆమెకు చెప్పడానికి ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. చెప్పవలసినవారు మీరు కాబట్టి ఆ ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను.

సొరియాసిస్ సంగతి మీకు చెప్పవలసిన పని లేదు. అయితే ఈ లేఖ మా ఇరుగుపొరుగు కూడా చదువుతారు కనుక నాలుగు మాటలు రాయక తప్పదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం వల్ల, మామూలుగా నెల రోజులకు మారవలసిన చర్మం పైపొర మూడు నుంచి అయిదు రోజుల్లోనే పుట్టి పైకి వచ్చేస్తుంది. రాలిపోయే వ్యవధి లేక అది పేరుకుని, ఎర్రటి మచ్చల మీద వెండి రంగు పొలుసులుగా లేస్తుంది. ఇది అంటుకునే జబ్బు కాదు. గజ్జి కాదు, తామర కాదు, కుష్ఠు కాదు. దీన్ని శాశ్వతంగా పోగొట్టే మందు ఇంకా రాలేదు, అదుపులో ఉంచే మందులు మాత్రం చాలా ఉన్నాయి. 2014 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ సొరియాసిస్ మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక ప్రపంచంలో కనీసం 10 కోట్ల మందికి ఈ వ్యాధి ఉందని చెప్పింది. ఒళ్లు కనబడకుండా నిండు చేతుల రవికె వేసుకుని తిరిగే ఆడవాళ్లూ, మండుటెండలో ఫుల్ షర్టు గుండీలు పెట్టుకుని పనికి వెళ్లే మగవాళ్లూ మన ఊళ్లలో ఆ లెక్కలోని వారే.

ఈ వ్యాధిని రేపే కారణాల్లో మనసు మీది ఒత్తిడి ఒకటని వైద్యులు ఒప్పుకున్నదే. నన్ను చూసిన డాక్టరుగారు మంచివారు. గొంతునొప్పి వచ్చిందా అని అడిగారు, ఎందుకంటే గొంతులో వచ్చే ఒక రకం బాక్టీరియా దీన్ని రేపుతుంది. మలేరియాకు క్లోరోక్విన్ ఏమైనా వాడారా అని అడిగారు, ఎందుకంటే ఆ మాత్ర కొందరిలో దీన్ని ముదరబెడుతుంది. మన్యం పక్కన బతికేవాళ్లను అడగవలసిన ప్రశ్నే అది. రాత్రి నిద్ర పడుతోందా అని మాత్రం 17 ఏళ్లలో ఎవరూ అడగలేదు. మనసు ఆందోళనలో ఉన్నప్పుడు శరీరంలో ఒత్తిడి హార్మోన్ల లయ తప్పుతుంది, చర్మంలోని నరాల చివరల నుంచి విడుదలయ్యే రసాయనాలు అక్కడి రోగనిరోధక కణాలను మరింత రెచ్చగొడతాయి, దురద పెరుగుతుంది. దురద పెరిగితే గోకుతాం. గోకిన చోట కొత్త మచ్చ లేస్తుంది. దాన్ని చూసుకుని దిగులు, ఆ దిగులుతో నిద్ర లేకపోవడం, నిద్ర లేక మళ్లీ దురద. గానుగెద్దు తిరిగినట్టు ఇందులోనే తిరుగుతూ ఉంటాం.

గాయమైన చోట కొత్త మచ్చ లేవడాన్ని కోబ్నర్ లక్షణం అంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకుముందే నా చేతి మీద చూశాను. మా మేనకోడలి పెళ్లిలో గాజు చిట్లి మణికట్టు పైన అంగుళంన్నర గీత పడింది. గాయం నాలుగు రోజుల్లో మానింది. రెండు వారాలు దాటేసరికి అదే గీత వెంబడి, గీత ఎంత పొడుగుందో అంతే పొడుగున, పొలుసులు లేచాయి. అప్పటి నుంచి మట్టిగాజులు మానేశాను. ముత్తైదువ చేతులు బోసిగా ఉంటే మన ఊళ్లలో ఎన్ని మాటలు వస్తాయో మీకు తెలియనిది కాదు.

ఇక ఒత్తిడి తగ్గించే సాధనల విషయం. ఇవి గాలి మాటలు కావు. ఒక్కొక్క కండరాన్నీ బిగించి వదులుతూ ఒళ్లంతా సడలించే పద్ధతిని అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1920లలోనే శాస్త్రీయంగా వివరించారు. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో శ్వాస మీద, శరీరం మీద గమనం నిలిపే ఎనిమిది వారాల శిక్షణ మొదలుపెట్టారు. ఆయన బృందమే 1998లో సొరియాసిస్ మీద ఒక అధ్యయనం ప్రచురించింది. అతినీలలోహిత కాంతి చికిత్స తీసుకుంటున్న 37 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి కాంతి పెట్టెలో నిలబడి ఉండగా మనసును నిలిపే సూచనలున్న టేపు వినిపించారు, రెండో భాగానికి వినిపించలేదు. టేపు విన్నవారి చర్మం విననివారి కంటే దాదాపు 4 రెట్లు వేగంగా తేటపడింది. 37 మంది చిన్న సంఖ్య. ఈ ఒక్క అధ్యయనం పట్టుకుని నేను పెద్ద మాటలు చెప్పబోను. అయితే ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. రెండు భాగాల వారికీ అందిన చికిత్స ఒకటే. తేడా ఒక గొంతు. ఆ గొంతు వాళ్లకు అర్థమయ్యే భాషలో మాట్లాడింది.

నా అనుభవం కూడా దాచకుండా చెబుతాను. ఆరేళ్ల క్రితం విశాఖపట్నంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు ఒక మానసిక నిపుణురాలు నాకు నాలుగు ఆదివారాలు ఈ సాధన నేర్పారు. వెల్లకిలా పడుకుని, కాలి వేళ్ల నుంచి మొదలుపెట్టి, అయిదారు సెకన్లు బిగించి, అరనిమిషం వదిలి, పిక్కలు, తొడలు, పొట్ట, భుజాలు, దవడ, నుదురు వరకూ రావడం. ఆ తర్వాత నిమిషానికి ఆరు ఊపిరులు మాత్రమే పడేలా, వదిలే ఊపిరి పీల్చే ఊపిరి కంటే పొడుగ్గా ఉండేలా చూసుకోవడం. దురద పుట్టినప్పుడు గోకబోయే చేతిని పిడికిలి బిగించి అరనిమిషం లెక్కపెట్టి, ఆపైన తడిగుడ్డ అక్కడ అద్దడం. ఇంతే. నా మోచేతుల మీది మచ్చలు దీనివల్ల పోలేదు. మందు వాడుతూనే ఉన్నాను. కానీ ఒకప్పుడు తెల్లవారగానే నా దుప్పటి దులిపితే చీపురుతో ఎత్తేటంత పొట్టు రాలేది, గోళ్ల కింద నెత్తురు ఉండేది. ఇప్పుడు గోళ్ల కింద నెత్తురు లేదు. రాత్రి ఒంటిగంటకు లేచి కూర్చోవడం పోయి తెల్లవారుజాము దాకా నిద్ర పడుతోంది. 17 ఏళ్ల జబ్బులో ఇది చిన్న సంగతి కాదు.

ఆ నాలుగు ఆదివారాలు నాకు ఎందుకు పనికొచ్చాయో ఆలోచిస్తే, ఆమె తెలుగులో చెప్పడం వల్లనే అనిపిస్తుంది. దానికి ముందు ఇక్కడ ఒక ఆసుపత్రి ఆవరణలో జూన్ 21 యోగా దినం నాడు జరిగిన తరగతికి మేము వెళ్లాం. జంపఖానా పరిచి, స్పీకరులో హిందీ రికార్డు పెట్టారు. కాశీనగర్ పెద్దామె నా పక్కనే పడుకుంది. కళ్లు మూసుకోమని ఆ గొంతు చెప్పిందని ఆమెకు తెలియలేదు. ఏమి చేయాలో తెలియాలంటే పక్కవాళ్లను చూడాలి, చూడాలంటే కళ్లు తెరవాలి. ఇరవై నిమిషాలూ మెడ ఇటూ అటూ తిప్పుతూ, అందరికంటే ఒక అడుగు వెనక, తప్పు చేస్తున్నానేమోనని భయపడుతూ గడిపింది. ఒళ్లు సడలించుకోవడానికి వచ్చిన మనిషి మెడ పట్టేసి వెళ్లింది. నాకు హిందీ కొంత, ఒడియా బాగానే వచ్చు. నాకైనా ఆ మాటలు లోపల తెలుగు చేసుకుని వినవలసి వచ్చింది. రేషను కార్డు దగ్గర, బస్సులో, బ్యాంకులో పరభాషతో పని జరుగుతుంది. మనసు పనిచేయడం మానాలి అన్నప్పుడు మాత్రం ఆ భాష పని పెంచుతుంది.

దీని వల్ల మామూలు మనుషులు పడుతున్న నష్టాలు ఇవి.

1. నిద్ర చెడితే కూలి పోతుంది. మా 11 మందిలో నలుగురు రోజు కూలీలు. జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో పనిచేసే ఒకామె రాత్రంతా గోక్కుని పొద్దున చేతులు పగిలి ఉంటే ఆ రోజు పనికి వెళ్లలేదు, ఎందుకంటే పిక్క తొక్కలో ఉండే జిడ్డు మామూలు చర్మాన్నే కాలుస్తుంది. నెలలో అలాంటి రోజులు అయిదారు. దానికి తోడు ఆసుపత్రికి వచ్చిన రోజు పోయే కూలి, బస్సు ఖర్చు. ఇక్కడ మాట అర్థం కాక, పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్లి అక్కడి ప్రైవేటు డాక్టరుకు డబ్బు కట్టేవాళ్లు మాలో ముగ్గురున్నారు. మందు ఇక్కడా అదే రాస్తారు. కానీ అక్కడ చెప్పింది అర్థమవుతుంది.

2. నేర్పేవాళ్లు నేర్పకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. సంతలో పొడులు అమ్మేవాడు తెలుగులో మాట్లాడతాడు. “దిగులు పెట్టుకోకు తల్లీ, 40 రోజుల్లో పోతుంది” అంటాడు. అంతసేపు దగ్గర కూర్చుని, చెయ్యి పట్టుకుని చూసి మాట్లాడే మనిషి అతనొక్కడే. అలాంటి పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటే మొదట్లో మచ్చలు మాయమవుతాయి, ఆపగానే ఒళ్లంతా ఎర్రబడి, ఒక్కోసారి చీముపొక్కులు లేచి, ప్రాణం మీదికి వస్తుందని మీకు నాకంటే బాగా తెలుసు. మా బృందంలోని ఒక కుర్రవాడు అలాగే ఒళ్లంతా మండి, చలితో వణుకుతూ 12 రోజులు వార్డులో పడుకున్నాడు. రెండో రకం వాళ్లు ప్రాణాయామం చేస్తే మందు అక్కర్లేదని చెప్పేవాళ్లు. వాళ్ల మాట మరీ ప్రమాదం. మేము అడుగుతున్న సాధన మందుతో పాటు చేసేది. మందు మానిపించేది కాదు.

3. ఇక్కడ పాడైన చర్మానికి తగినట్టు సాధనను మార్చి చెప్పేవారు లేరు. ఇది మీరు శ్రద్ధగా చూడవలసిన విషయం. ఊరూరా నేర్పే ఆసనాల్లో మోకాళ్ల మీద, మోచేతుల మీద బరువు వేసేవి చాలా ఉంటాయి. సొరియాసిస్ ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ మోకాళ్ల మీద, మోచేతుల మీదనే. గరుకు జంపఖానా మీద, ఈతచాప మీద అవి ఒరుసుకుంటే కోబ్నర్ లక్షణం వల్ల మచ్చ పెద్దదవుతుంది. యోగా దినం తర్వాత నా రెండు మోచేతులూ మూడు వారాలు పగిలి ఉన్నాయి. కింద మెత్తటి పాత నూలుచీర నాలుగు మడతలు వేసుకోవడం, స్నానం చేసి ఒళ్లు తడి ఆరకముందే వేజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాసుకుని ఆ తర్వాత పడుకోవడం, కీళ్ల నొప్పులు కూడా ఉన్నవాళ్లు ఆ కీలును బిగించకుండా వదిలేయడం, చెమట పట్టే వేళలో చేయకపోవడం, ఇవి యోగా గురువుకు తెలియవు, చర్మవైద్యుడికి తెలుసు. ఇద్దరూ ఒక్క గంట కలిసి కూర్చుంటే తయారయ్యే కాగితం ఇది.

4. ఆడవాళ్ల విషయం వేరుగా చెప్పాలి. ఈ ప్రాంతంలో కుష్ఠు కేసులు ఎక్కువ కనుక ఇంటింటికీ వచ్చి ఒంటి మీద మచ్చలు చూసే కార్యక్రమాలు జరుగుతాయి. అవి జరగాలి. కుష్ఠు కూడా మందులతో పూర్తిగా నయమయ్యే వ్యాధే, ఆ రోగులను దూరం పెట్టడమూ అన్యాయమే. కానీ మచ్చ చూడగానే వీధిలో అందరి ముందు “ఇదేమిటి?” అని గట్టిగా అడిగితే, ఆ మచ్చలో స్పర్శ ఉందో లేదో పరీక్షించేలోపే ఊరు తీర్పు చెప్పేస్తుంది. గుణుపురం వైపు ఒక అమ్మాయికి నిశ్చయమైన సంబంధం అలాగే వెనక్కి పోయింది. ఆ తర్వాత నాలుగు నెలల్లో ఆమె మచ్చలు వీపంతా పాకాయి. ఆ అమ్మాయికి ‘టెన్షన్ పడకు’ అని చెప్పగలమా? పదిమందిలో, కిటికీలు లేని హాలులో, మగవాళ్ల పక్కన పడుకుని ఒళ్లు సడలించమంటే ఆమె సడలించగలదా?

5. తెలుగువారి కష్టమే ఇంత ఉంటే సవరలు, కుయి మాట్లాడే కొండవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని తానే ఆ భాష నేర్చుకుని, వాచకాలూ నిఘంటువూ తయారుచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు తిరిగిన నేల ఇది. 1936లో ఈ ప్రాంతం ఒడిశాలో చేరింది. రాష్ట్రం ఏదైనా, అవసరమున్న మనిషి భాషలోకి చదువుకున్నవాళ్లు దిగి రావాలని ఆయన చూపించిన దారి ఇక్కడివాళ్లందరిదీ. కాబట్టి మా కోరిక తెలుగు వరకే ఆగదు. ఒడియా అంటే మాకు ఏ వ్యతిరేకతా లేదు. నా దగ్గర చదువుకున్న పిల్లలు సగం మంది ఒడియా ఇళ్లవారే.

ఇవన్నీ దృష్టిలో ఉంచుకుని ఈ కింది పనులు చేయమని కోరుతున్నాం.

1. చర్మవ్యాధుల ఓపీ ఉన్న ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, 12 నుంచి 15 నిమిషాల సాధన సూచనలను తెలుగు, ఒడియా, సవర, కుయి భాషల్లో రికార్డు చేయించి, రోగి ఫోనులోకి ఎక్కించి పంపండి. మామూలు ఫోను ఉన్నవాళ్లకు మెమరీ కార్డులో వేసి ఇవ్వవచ్చు. పుస్తకాల భాష వద్దు. “దేహాన్ని శిథిలం చేయుము” అంటే కాశీనగర్ పెద్దామె భయపడుతుంది. “కాళ్లు వదిలేయమ్మా, బరువంతా నేల మోస్తుంది” అంటే ఆమె కాళ్లు వాటంతట అవే వదులవుతాయి.

2. వారానికి ఒక మధ్యాహ్నం, శిక్షణ పొందిన నర్సు గానీ, యోగా శిక్షకులు గానీ నాలుగు వారాల పాటు కొత్త రోగులకు నేర్పే ఏర్పాటు చేయండి. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో యోగా తరగతులు నిర్వహించాలని ప్రభుత్వమే చెప్పింది కనుక దీనికి కొత్త పథకం అవసరం లేదు. ఆడవాళ్లకు వేరుగా తలుపు వేసుకునే గది ఉండాలి. పైన మూడో అంశంలో రాసిన జాగ్రత్తలు శిక్షకులకు చర్మవైద్యులే చెప్పాలి.

3. ఓపీ చీటీ మీద మందుల పేర్లతో పాటు రెండు అంకెలు రాయండి. ఈ వారం దురద 10కి ఎంత, నిద్ర 10కి ఎంత. అడగడానికి అరనిమిషం పడుతుంది. నెలనెలా ఆ అంకెలు పక్కపక్కన ఉంటే సాధన పనిచేస్తోందో లేదో మీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది. పనిచేయని వాళ్లకు అది వదిలేసి వేరే సాయం చూడవచ్చు. దిగులు ముదిరి బతుకు మీద విరక్తి కలిగినట్టు మాట్లాడేవాళ్లను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోని వైద్యులకు అదే రోజు చూపించండి.

4. మనసు బాగోలేనివారికి ఫోనులో సాయం చేసే టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. 14416 నంబరు మీద 20 భాషల్లో ఉచితంగా మాట్లాడుతుంది. అందులో తెలుగు ఉంది. మేము కూర్చునే ఓపీ గోడ మీద కుటుంబ నియంత్రణ, దోమతెర, పొగాకు, అన్ని బొమ్మలూ ఉన్నాయి, ఈ నంబరు మాత్రం లేదు. దాన్ని తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయించండి, ఫోన్ చేసినప్పుడు తెలుగు ఎంచుకోవచ్చని కూడా రాయించండి.

5. మచ్చలు చూసే ఆశా దీదీలకు సొరియాసిస్ ఫొటోలు చూపించి, అది అంటుకోదని నేర్పి, ఇంటి లోపల, విడిగా అడిగే పద్ధతి చెప్పండి.

ఇందులో ఖర్చు ఎంత అని మీరు అడగవచ్చు. రికార్డింగు ఖర్చు మాకు వదిలేయండి. నేను 22 ఏళ్లు పిల్లలకు వినబడేలా మాట్లాడినదాన్ని, తెలుగు గొంతు నేనిస్తాను. మా 11 మందిలో ఇద్దరికి సవర, ఒకరికి కుయి ఇంటి భాష, వాళ్లూ సిద్ధంగా ఉన్నారు. మీరు చేయవలసింది మేము చెప్పే మాటలను ఒక చర్మవైద్యుడి చేత, ఒక మానసిక వైద్యుడి చేత చదివించి, తప్పులు దిద్ది, సంతకం పెట్టి ఇవ్వడం. ఆ సంతకం లేకుండా మా అంతట మేము పంచిపెట్టడం నాకు ఇష్టం లేదు. వైద్యం పేరుతో ఎవరికి తోచింది వాళ్లు చెప్పడం వల్ల ఏమి జరుగుతుందో ఆ కుర్రవాడి పడక పక్కన కూర్చుని చూశాను.

చలికాలంలో గాలి పొడిబారి ఈ వ్యాధి ముదురుతుంది. అక్టోబరు 29 ప్రపంచ సొరియాసిస్ దినం. ఆ లోపల మొదటి రెండు కోరికల మీద అయినా రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. జవాబు రాకపోతే నవంబరు మొదటి ఫిర్యాదుల దినానికి 11 మందిమీ రెండు పాత రసీదులతో, ఈ లేఖతో వచ్చి వరుసలో నిలబడతాం. ఈసారి అర్జీ తెలుగులోనే ఉంటుంది. మీ జవాబు తెలుగులో ఉన్నా, ఒడియాలో ఉన్నా చదివించుకుంటాం.

ఇట్లు,
సొరియాసిస్ రోగుల తరఫున,
విరమించిన ఒక ఉపాధ్యాయురాలు,
మహేంద్రతనయ ఒడ్డు నుంచి